ఎంజీఎం ముందర అన్నం బండి: ఐదుకు మూడున్నర

2023 డిసెంబరులో మా ఇంటామె బాత్రూంలో జారిపడితే తుంటి ఎముక విరిగింది. వరంగల్‌లోని పెద్దాసుపత్రి ఎంజీఎంలో పన్నెండు రోజులు ఉన్నాం. పేషెంటుకు వార్డులోనే భోజనం వస్తుంది, వెంట ఉన్నవాడి తిండి సంగతి వాడే చూసుకోవాలి. మొదటి రెండు రోజులు కరీమాబాద్ నుంచి మా చెల్లెలు క్యారియర్ పంపింది. మూడో రోజు ఆమెకే జ్వరం వచ్చింది. హోటల్ చూసుకుందామని గేటు బయటికి వస్తే, రోడ్డు పక్కన ఉచితంగా అన్నం పెట్టే ఒక ట్రాలీ ఆటో, దాని వెనక పొడుగాటి లైను కనపడ్డాయి.

నేను 28 ఏళ్లు ఆర్టీసీలో కండక్టర్‌గా చేశాను. జనాన్ని లైన్లో పెట్టిన చెయ్యే గానీ ఇట్లాంటి లైన్లో నిలబడ్డ కాలు కాదు. జేబులో డబ్బులు లేక కాదు, ఇంకా ఎన్ని రోజులు ఉండాల్సి వస్తుందో తెలియక హోటల్లో ఖర్చు పెట్టడానికి చేయి రాలేదు. ఆటో చుట్టూ ఊరికే రెండుసార్లు తిరిగాను. మూడోసారి తిరిగేటప్పుడు లైన్లోంచి ఒకతను పిలిచాడు. "కండక్టర్ సాబ్, మీరేంది ఈడ?" తాడ్వాయి మనిషి, ఏటూరునాగారం బస్సులో నెలకు రెండుసార్లయినా ఎక్కేవాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అతను మాత్రం జరిగి చోటిచ్చాడు. "రాండ్రి, పప్పు మంచిగుంటది. నాలుగు దినాల సంది తింటున్న."

పేరు అడగలేదు, ఆధార్ అడగలేదు, ఏ వార్డని కూడా అడగలేదు. యాభై ఏళ్లుండే ఒకామె ప్లేటు చేతిలో పెట్టి అన్నం, దోసకాయ పప్పు వేసింది. గోడ పక్కకు పోయి నిలబడి తింటున్నా. సగంలో ఉండగా ఆమే బకెట్ పట్టుకుని అందరి దగ్గరికీ వస్తోంది. నా దగ్గర ఆగి, "ఇంకింత ఏయాల్నా బాపూ?" అంది. మా బిడ్డ అత్తగారింటికి పోయినప్పటి నుంచి నన్ను బాపు అని పిలిచి అన్నం వేసినవాళ్లు లేరు. వద్దనబోయి ప్లేటు చాపాను.

ఆ తర్వాత తొమ్మిది రోజులు అక్కడే తిన్నాను. 2024 సెప్టెంబరు నుంచి వారానికి ఒకరోజు అక్కడే వడ్డిస్తున్నాను. కాబట్టి ఈ రివ్యూ రెండు వైపుల నుంచీ రాస్తున్నట్టు. నడిపేవాళ్లకు వేరే పేరుంది, బోర్డు కూడా ఉంది. లోటుపాట్లు కూడా రాస్తున్నాను కాబట్టి ఆ పేరు ఇక్కడ పెట్టడం లేదు. జనం అందరూ అన్నం బండి అనే అంటారు.

ముందు తిండి సంగతి. అన్నం వేడిగా ఉంటుంది, ఇందులో అనుమానం లేదు. మధ్యాహ్నం పన్నెండున్నరకు బండి వస్తే రెండింటి దాకా గుండిగ మూత తీసినప్పుడల్లా పొగలు వస్తాయి. ఉప్పు కొంచెం తక్కువ. అడిగితే, డిశ్చార్జి అయిన ముసలివాళ్లు కూడా ఇంటికి పోయే ముందు తిని పోతుంటారు, ఎక్కువైతే తీసేయలేం కదా అన్నారు. పక్కన ఉప్పు డబ్బా ఉంటుంది. కూర ఏదో ఒకటే. బుధవారం పప్పుకు తోడు పచ్చిపులుసు, శుక్రవారం గుడ్డు. పచ్చిపులుసులో ఉల్లిగడ్డలు చేతితో నలిపి వేస్తారు, మా అవ్వ చేసినట్టే ఉంటుంది. వరంగల్‌లో డబ్బులిచ్చి తినే మెస్సుల్లో కూడా ఇంత మంచి పచ్చిపులుసు నాకు దొరకలేదు.

ఇక పప్పు. ఒంటిగంటకు ముందు పోతే పప్పు. ఒంటిగంట దాటితే పప్పుచారు. రెండింటికి పోతే చారు. లైను పెరిగినకొద్దీ వేడినీళ్లు కలుస్తాయి. వడ్డించేవాడిగా ఆ నీళ్లు నేనూ కలిపాను, అందుకే ధైర్యంగా రాస్తున్నా. సంక్రాంతి చుట్టుపక్కల అన్నం ముద్దగా ఉంటుంది, అది వంటవాళ్ల తప్పు కాదు. వానకాలం పంట కోసిన కొత్త బియ్యం దాతలు బస్తాలకు బస్తాలు తెచ్చి దింపుతారు. కొత్త బియ్యానికి నీళ్లు ఎంత తగ్గించినా మెతుకు విడిపడదు. పాత బియ్యం ఇయ్యండి అని అడిగితే, ధర్మానికిచ్చేదాంట్లో కూడా ఏరుకుంటారా అని ఒకాయన కోపానికి వచ్చాడు.

ఈ బండి ఎట్లా మొదలైందో నాకు చెప్పింది ఆ వడ్డించే ఆమే. అక్క అని పిలుస్తారు అందరూ, నాకన్నా చిన్నదే అయినా నేనూ అక్క అనే అంటాను. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పెట్టినప్పుడు హైదరాబాద్ నుంచి 163 నంబరు జాతీయ రహదారి మీద కుటుంబాలకు కుటుంబాలు నడుచుకుంటూ వచ్చాయి. ఆ రోడ్డు మన హనుమకొండ మీదుగా ములుగు, ఏటూరునాగారం దాటి ఛత్తీస్‌గఢ్‌లో భూపాలపట్నం దాకా పోతుంది కదా, నడిచేవాళ్లలో చాలామందిది అటువైపే. అక్క వాళ్లది బట్టల షాపు. షాపు మూతపడింది, ఇంట్లో బియ్యం ఉన్నాయి. భార్యాభర్తలు, వాళ్లింట్లో అద్దెకుండే ఇద్దరు నర్సింగ్ చదివే పిల్లలు కలిసి పులిహోర పొట్లాలు కట్టి స్కూటీ మీద రోడ్డుకు తీసుకుపోయేవాళ్లు. బస్సులు, రైళ్లు తిరగడం మొదలయ్యాక ఇక చాలనుకున్నారు. చుట్టుపక్కలవాళ్లు ఇచ్చినవాటిలో ఒక బస్తా బియ్యం మిగిలింది. ఒకళ్ల కోసం ఇచ్చింది ఇంట్లో వాడుకోకూడదని వండి ఎంజీఎం దగ్గరికి తెస్తే ముప్పావుగంటలో ఖాళీ. "ఆ బస్తా అయిపోతే ఆపుదామనుకున్నం. ఇంకా ఆ బస్తా అయిపోలేదు అనుకో" అంటుంది అక్క.

నేను చేరింది రైలు పట్టాలు కొట్టుకుపోయినప్పుడు. 2024 సెప్టెంబరు 1న ఆ భారీ వానకు కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కట్ట కోసుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి, ఫొటోలు మీరూ చూసే ఉంటారు. విజయవాడ వైపు రైళ్లు ఆగిపోయాయి. నాలుగో తేదీకి గానీ ఆ లైన్లో మళ్లీ రైలు కదల్లేదు. స్టేషన్లో పిల్లలతో చిక్కుకున్నవాళ్ల కోసం అన్నం బండికి మనుషులు కావాలని మా అబ్బాయి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. రద్దీలో జనాన్ని వరుసలో పెట్టడం నాకు తెలిసిన ఒకే ఒక విద్య, కాబట్టి పోయాను. రాత్రి పదకొండు దాటినా గుండిగ దించలేదు. అప్పటిదాకా మధ్యాహ్నం మాత్రమే తిరిగిన బండికి ఆ రోజుల్లోనే రాత్రి స్టేషన్ ట్రిప్పు అలవాటైంది. ప్రయాణికులు వెళ్లిపోయాక కూడా స్టేషన్ ముందర తినేవాళ్లు ఉన్నారని అప్పుడే కదా కంటపడింది.

2025లో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నారు. వంటిల్లు చూడాలంటే ఉదయం ఎనిమిదికి పోండి, ఎవరినైనా రానిస్తారు, చెప్పులు మాత్రం బయటే విడవాలి. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కాగితం గోడకు తగిలించి ఉంటుంది. బియ్యం అన్నీ 26 కిలోల బస్తాలే. 2022 జులై నుంచి 25 కిలోల దాకా ఉన్న ప్యాకింగు బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడుతోంది కదా, అందుకే మిల్లర్లు ఒక కిలో ఎక్కువ నింపడం మొదలుపెట్టారు. ఒక బస్తాకు మా లెక్కన 160 ప్లేట్లు. ఓపీ రద్దీ ఉండే సోమవారం రెండున్నర బస్తాలు, ఆదివారం ఒకటిన్నర. పదిన్నరకు ఒక పిల్లాడు ఎంజీఎం సెంటర్ దాకా టూ వీలర్ మీద పోయి జనాన్ని చూసి ఫోన్ చేస్తాడు, మూడో గుండిగ ఎక్కించాలా వద్దా అనేది అప్పుడు తేలుతుంది. డిపోలో జాతర స్పెషల్ వేసేముందు మేం చేసే పనే ఇది, మేడారం అనుభవం ఇక్కడ పనికొచ్చింది.

ఎండాకాలం గంజి వార్చి ఉప్పు, మజ్జిగ కలిపి వేరే డ్రమ్ములో పెడతారు. అన్నం వద్దని గంజికే వచ్చేవాళ్లున్నారు. కాగితం ప్లేట్లు పోయి స్టీలు ప్లేట్లు వచ్చాయి, వేడినీళ్లతో కడుగుతారు, శుభ్రంగానే ఉంటాయి. చేతులు కడుక్కోవడానికి రెండే నల్లాలు, అక్కడ ఇంకో లైను. సబ్బు ఉండే రోజులకన్నా లేని రోజులు ఎక్కువ. ఇది పెద్ద ఖర్చు కాదు, ఎవరూ పట్టించుకోవడం లేదంతే.

ఫంక్షన్ హాలులో మిగిలిన భోజనాలు తీసుకుంటారా అని చాలామంది అడుగుతారు. తీసుకుంటారు, పద్ధతిగా ఇస్తే. మిగిలిన తిండి పంచడానికి 2019లో ఆహార భద్రత సంస్థ నియమాలు కూడా పెట్టింది. వండింది ఎప్పుడు, ఎక్కడిది అనేది రాసి ఉండాలి, వేడిది వేడిగానే ఉండాలి. రాత్రి పన్నెండుకు ఫోన్ చేసి మూడు డేకిసాల బిర్యానీ ఉంది, వచ్చి పట్టుకుపోండి, పొద్దున హాలు ఖాళీ చేయాలి అంటే మాత్రం ఇప్పుడు పోరు. ఒకసారి పోయారు. తెల్లారి మూత తీస్తే వాసన. అదంతా పారబోసి, ఆ డేకిసాలు కడిగి తిరిగిచ్చింది మేమే. పెండ్లివారికి పుణ్యం వచ్చింది, మాకు గిన్నెలు తోమే పని వచ్చింది.

విరాళాల విషయంలో వీళ్లకు నేను మంచి మార్కులే వేస్తా. మా కండక్టర్లు బస్సులో ఎస్సార్ అనే టికెట్ల లెక్క కాగితం నింపినట్టు ఏ రోజు లెక్క ఆ రోజే రాస్తారు, ప్లేట్లు, బస్తాలు, సిలిండర్లు అన్నీ. షెడ్డులో బోర్డు మీద నెల లెక్క ఉంటుంది. ఆదాయపన్ను మినహాయింపుకు రసీదు ఇస్తారు, ఆర్థిక సంవత్సరం అయ్యాక దాని సర్టిఫికెట్ కూడా మా అబ్బాయికి వచ్చింది. గమనించాల్సింది ఏంటంటే, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే దానివల్ల లాభం, నగదు 2,000 రూపాయలు దాటితే మినహాయింపు రాదు, బియ్యం బస్తా ఇస్తే అసలే రాదు. పీఎఫ్ వాళ్లిచ్చే కొద్దిపాటి ఈపీఎస్ పింఛనుతో బతికే నాలాంటివాడికి ఈ బాధలేవీ లేవు, మా పింఛను మీద పన్ను వేసేంత మనసు ఏ ప్రభుత్వానికీ రాదు.

పుట్టినరోజుకు ఒక పూట భోజనం రాసుకునే పద్ధతి ఉంది. కార్తీకంలో తేదీల కోసం పోటీ. ఒకే సోమవారానికి నలుగురు వచ్చి, మా పేరే ముందు రాశారని గొడవపడితే నేనే సర్దిచెప్పాను. ఆషాఢంలో మంగళవారం ఎవరూ రారు. ఆకలికి మంచి రోజు, చెడ్డ రోజు ఉంటుందా అని అక్క వాపోతుంది గానీ, వచ్చిన దాతకు ఆ మాట చెప్పే ధైర్యం ఆమెకూ లేదు.

నేను ఒక స్టార్ పూర్తిగా కోసింది దీనికే: ఫొటోలు. దాత కుటుంబం వస్తుంది, ఫ్లెక్సీ కడతారు. మొదటి పది ప్లేట్లు వాళ్ల చేత వడ్డింపజేస్తారు, అంతవరకు బాగానే ఉంది. తినేవాడి చేతికి ప్లేటు ఇస్తూ ఇద్దరూ కెమెరా వైపు చూడాలంటారు. ప్లేటు రెండువైపులా పట్టుకుని నిలబడితే అన్నం చల్లారుతుంది. ఒకరోజు భూపాలపల్లి దగ్గర్నుంచి వచ్చిన ఒక ఆడమనిషి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఫొటో తీసే అబ్బాయి కొంగు తీయమన్నాడు. ఆమె ప్లేటు వాళ్ల చేతిలోనే వదిలేసి వెళ్లిపోయింది. నేను ఎనక పోయి పిలిచినా రాలేదు. నా మొదటి రోజు నా ఎదురుగా కెమెరా ఉండి ఉంటే నేనూ తినేవాణ్ని కాదు. దాని మీద గొడవపెట్టాను. ఇప్పుడు వెనకవైపు నుంచే తీయాలని నియమం పెట్టారు. సగం రోజులు పాటిస్తారు.

ఈ సందర్భంలోనే ఇంకో మాట. 2014లో హైదరాబాద్‌లో ఐదు రూపాయల భోజనం మొదలైంది, అసలు ఖర్చులో మిగిలింది కార్పొరేషన్, వండే సంస్థ చూసుకునేవి. డ్యూటీ మీద పోయినప్పుడు నేను అక్కడ చాలాసార్లు తిన్నాను. ఎంత చిన్నదైనా టికెట్ టికెట్టే, ఐదు రూపాయల బిళ్ల ఇచ్చినవాడు తల ఎత్తుకుని తింటాడు. ఇక్కడ కూడా ఒక డబ్బా పెట్టండి, ఇష్టమున్నవాడు వేస్తాడు అన్నాను. ఆ డబ్బా చూసి లేనివాడు వెనక్కి పోతాడని అక్క ఒప్పుకోలేదు. నా మాటే నిజమని ఇప్పటికీ నా నమ్మకం, ఆమె మాట కూడా తీసేయదగ్గది కాదు.

రాత్రి స్టేషన్ ట్రిప్పు వేరే కథ. అక్కడికి వచ్చేవాళ్లు ఎక్కడికీ పోయేవాళ్లు కాదు. ఎనిమిదిన్నరకు బండి వస్తుంది, పెరుగన్నం, పచ్చడి, ఒక్కోరోజు ఉప్మా. లైను ఉండదు. వాళ్లు రారు, మనమే పోవాలి. మెట్ల పక్కన, మూసిన షాపుల అరుగుల మీద ఎవరి చోటు వాళ్లకు ఉంటుంది, ఇంటి నంబర్లలాగే. ఒక పెద్దాయన ఆజంజాహి బట్టల మిల్లులో పని చేశానంటాడు. 1934లో నిజాం కట్టించిన మిల్లు మూతపడి ఇరవై ఏళ్లు దాటింది, ఆయన మాత్రం ఇంకా షిఫ్టు టైముకే లేస్తాడు. మొదటి వారం అన్నం తీసుకుని నాతో ఒక మాట మాట్లాడలేదు. రెండో వారం అడిగాడు, "సార్, నా సంచి ఏడన్న పెట్టనిస్తరా? పండుకుంటే ఎత్కపోతున్నరు." ఆ సంచిలో ఏముందని అడిగితే, ఒక దుప్పటి, మిల్లు కాగితాలు.

సంచి పెట్టుకునే చోటు అన్నం బండి దగ్గర లేదు. రాత్రి పడుకునే చోటు కల్పించడం మున్సిపాలిటీల పని, ప్రతి లక్ష జనాభాకు ఒక వసతి గృహం ఉండాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. వసతి ఉందని చెప్పినా కొందరు పోరు, పొద్దున్నే పని దొరికే చోటు స్టేషన్ ముందరే కదా. 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. మా ఇంట్లో అవే తింటున్నాం, బాగున్నాయి. ఈ పెద్దాయనకు కార్డు లేదు, కార్డు ఉన్నా పొయ్యి లేదు. పోయిన చలికాలంలో ఇద్దరు కుర్రాళ్లు ఆధార్ అడ్రస్ సంగతి చూస్తామని నాలుగు ఆదివారాలు వచ్చారు, పరీక్షలు రాగానే మానేశారు. ఆ పని మళ్లీ ఎవరూ ఎత్తుకోలేదు. ప్లేట్లు లెక్కపెట్టడం సులువు. బోర్డు మీద అవే కనపడతాయి.

2025 అక్టోబరు చివర మొంథా తుపాను వానకు మన కాలనీలు మునిగినప్పుడు బండి మొత్తం అటు పోయింది. పోవాల్సిందే. డాబాల మీద పిల్లలతో ఉన్నవాళ్లకు పొట్లాలు అందాయి, పేపర్లలో ఫొటోలు వచ్చాయి. ఆ మూడు రాత్రులు స్టేషన్‌కు ఎవరూ పోలేదు. నేనూ పోలేదు, మా గల్లీలో నీళ్లు తోడుకుంటున్నా. నాలుగో రాత్రి పోతే మిల్లు పెద్దాయన అరుగు మీద లేడు. రెండు వారాల తర్వాత కాజీపేటలో కనిపించాడు, బాగానే ఉన్నాడు, సంచి మాత్రం లేదు. ఏమైందని అడగలేకపోయాను.

పెరిగినకొద్దీ తగ్గినది ఇంకొకటుంది. నేను తిన్న రోజుల్లో బకెట్ పట్టుకుని మనిషి తిరిగేది. ఇప్పుడు సోమవారం నాలుగు వందల మంది, గంటె కొలత పెట్టారు: రెండు గంటెలు అన్నం, ఒక గంటె పప్పు, పక్కకు జరగాలి. మళ్లీ కావాలంటే మళ్లీ లైను. ఇంకో రెండు గంటెల కోసం ఎర్రటెండలో మళ్లీ లైను చివరికి పోయేవాళ్లు తక్కువ, ఉన్నదాంతోనే సరిపెట్టుకుని లోపలికి పోతారు. మీటింగులో చెప్పాను. పక్కన చిన్న గిన్నె ఒకటి పెడతాం, మారు వడ్డన అక్కడ, కానీ మనిషి లేడు అన్నారు. నేనుంటాను అన్నాను. అట్లా బుధవారాలు మాత్రం ఆ గిన్నె ఉంటుంది, మిగతా రోజులు లేదు. అర స్టార్ దానికి తగ్గించాను, ఇంకో ఆరుగురు మనుషులు దొరికితే కలిపేస్తాను.

పోయేవాళ్లకు నాలుగు ముక్కలు. ఒంటిగంటకు ముందే పోండి. ముసలివాళ్లకు, చంటిపిల్లల తల్లులకు ఎడమవైపు వేరే లైను ఉంది, బోర్డు లేదు, అడగాలి. వార్డులో ఇంకొకరి కోసం తీసుకుపోవాలంటే టిఫిన్ బాక్స్ మీరే తెచ్చుకోండి, కవర్లలో కట్టడం ఆపేశారు. బుధవారం వస్తే ముందు పెట్టింది తినేసి గోడ పక్కకు రండి. పచ్చిపులుసు కూడా అక్కడ కొంచెం పక్కకు తీసి ఉంచుతున్నా.